పరిసరం మరచిపోని చోట

పాఠ్యపుస్తకాల్లో పరిచయమయ్యే క్వాంటం కణం చాలావరకు ఒంటరిది. దాని చుట్టూ గాలి లేదు, వెలుతురు లేదు, దానిని పట్టి ఉంచిన పాత్ర గోడలు లేవు. 1926లో ఎర్విన్ ష్రోడింగర్ ప్రతిపాదించిన సమీకరణం అటువంటి కణం కాలక్రమంలో ఎలా మారుతుందో కచ్చితంగా చెబుతుంది. మారినదానిని మళ్లీ మొదటి స్థితికి నడిపించే దారి కూడా ఆ సమీకరణంలోనే ఉంటుంది. ప్రయోగశాలలో మాత్రం ఇటువంటి కణం దొరకదు. ఎంత శూన్యం చేసిన పాత్రలోనైనా కొన్ని వాయు అణువులు మిగులుతాయి, ఎంత చల్లబరచిన ఘనపదార్థంలోనైనా పరమాణువులు కొద్దిగా కంపిస్తూనే ఉంటాయి, అన్నిటినీ తొలగించిన చోట కూడా విద్యుదయస్కాంత క్షేత్రం ఉండనే ఉంటుంది. తన చుట్టూ ఉన్న ఈ సమస్తంతో, అంటే పరిసరంతో, శక్తినీ సమాచారాన్నీ ఇచ్చిపుచ్చుకునే వ్యవస్థను వివృత క్వాంటం వ్యవస్థ అంటారు. ఇలా పరిసరం తీసుకున్నది ఎప్పటికీ తిరిగి రాదా, లేక పరిసరం దానిని కొంతకాలం గుర్తుంచుకుని అందులో కొంత భాగాన్ని వెనక్కు ఇస్తుందా అనే ప్రశ్న చుట్టూ గత అర్ధశతాబ్దంలో భౌతికశాస్త్రంలో ఒక పెద్ద శాఖ ఎదిగింది. ఆ శాఖ చరిత్రలో హైదరాబాద్ పేరు ఒకటి రెండు ముఖ్యమైన చోట్ల కనిపిస్తుంది.

క్వాంటం వ్యవస్థకు ఒకేసారి రెండు స్థితుల కలయికలో ఉండే వీలుంది. దీనిని అధ్యారోపణం అంటారు. ఆ కలయికలో ఏ స్థితి పాలు ఎంత అనే లెక్కతోపాటు, ఆ రెండు స్థితుల తరంగాలు ఒకదానితో ఒకటి ఏ క్రమంలో నడుస్తున్నాయనే సంబంధం కూడా ముఖ్యమే. ఈ రెండవదానిని సాపేక్ష దశ అంటారు. రెండు సన్నని చీలికల గుండా పోయిన ఎలక్ట్రాన్లు తెర మీద వెలుగునీడల పట్టీలుగా పడడానికి కారణం ఈ దశ నిలకడగా ఉండడమే. పరిసరంలోని ఒక అణువు వచ్చి ఎలక్ట్రాను ఏ చీలికలో నుంచి పోతున్నదో పరోక్షంగా నమోదు చేసుకుంటే చాలు, దశకు సంబంధించిన సమాచారం ఎలక్ట్రానులో మాత్రమే మిగలక, ఎలక్ట్రాను, అణువు కలిసిన జంటలోకి చేరిపోతుంది. జంటను మొత్తంగా కొలవగలిగితే అది ఇంకా అక్కడే ఉన్నట్టు తెలుస్తుంది గాని, ఎలక్ట్రాను ఒక్కదానినే చూసేవారికి పట్టీలు చెరిగిపోయి కనిపిస్తాయి. ఇలా పరిసరంతో ముడిపడడం వల్ల వ్యవస్థ తన దశాసంబంధాన్ని కోల్పోవడాన్నే డీకోహెరెన్స్ అంటారు. జర్మన్ శాస్త్రవేత్త డీటర్ జే 1970లో, వోచెక్ జురెక్ 1981, 1982 సంవత్సరాల్లో రాసిన పరిశోధన పత్రాలు దీనికి స్పష్టమైన రూపం ఇచ్చాయి. శక్తి కోల్పోవడం వేరు, దశ కోల్పోవడం వేరు. శక్తిలో రవ్వంత కూడా నష్టపోకుండా దశను పూర్తిగా పోగొట్టుకున్న వ్యవస్థలు ఉంటాయి. చాలా వ్యవస్థల్లో దశే ముందుగా పోతుంది.

పోయినది తిరిగి రావడం ఎప్పుడు సాధ్యమో గ్రహించడానికి రాయలసీమ వాసులకు నిత్యపరిచితమైన దృశ్యం ఒకటి ఉపకరిస్తుంది. ధర్మవరం చెరువు నిండినప్పుడు నడిమధ్యలో ఒక రాయి వేస్తే, లేచిన అలలు విస్తరిస్తూ పోయి, దూరపు కట్టను చేరేలోపే అణగిపోతాయి. రాయి పడిన చోటుకు ఆ కదలిక మళ్లీ రాదు. అదే రాయిని ఇరుకైన బావిలో వేస్తే అల వెంటనే గోడను తాకి, రాయి పడిన చోటుకు తిరిగి వచ్చి, అక్కడి నీటిని మరోసారి కదిలిస్తుంది. పరిసరం అతివిశాలమై, దానికీ వ్యవస్థకూ మధ్య బంధం బలహీనమై ఉంటే, వెళ్లిన సమాచారం చెరువులోని అలవలె మళ్లీ కనిపించదు. అప్పుడు వ్యవస్థ మరుక్షణం ఏమవుతుందో చెప్పడానికి అది ఇప్పుడు ఎలా ఉన్నదో తెలిస్తే సరిపోతుంది, గతం అక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో ఇటువంటి గతం లేని గొలుసులను అధ్యయనం చేసిన రష్యన్ గణితవేత్త ఆంద్రే మార్కోవ్ పేరు మీద దీనిని మార్కోవ్ గతి అంటారు. పరిసరం చిన్నదైనా, ఒకటి రెండు పౌనఃపున్యాల దగ్గర మాత్రమే స్పందించేదైనా, లేక వ్యవస్థతో గట్టిగా ముడిపడినదైనా బావిలోని పరిస్థితి ఏర్పడుతుంది. అప్పుడు వ్యవస్థ గతం దాని భవిష్యత్తులోకి తిరిగి ప్రవేశిస్తుంది. దీనినే స్మృతి ప్రభావం అంటారు.

స్మృతి లేని గతికి సంపూర్ణమైన గణితరూపం 1976లో వచ్చింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఇ.సి.జి. సుదర్శన్, విట్టోరియో గొరీని, ఆంద్రే కొసకోవ్‌స్కీ ఒకవైపు, స్వీడన్‌కు చెందిన యోరాన్ లిండ్‌బ్లాడ్ మరొకవైపు, ఎవరి దారిలో వారు నడిచి ఒకే సమీకరణానికి చేరుకున్నారు. కేరళలో పుట్టి మద్రాసులో చదివిన సుదర్శన్ అంతకు పదిహేనేళ్ల ముందే, 1961లో, పి.ఎం. మాథ్యూస్, జయసీతా రావులతో కలిసి, క్వాంటం వ్యవస్థల్లో యాదృచ్ఛిక మార్పును వర్ణించే సాధారణ చట్రాన్ని ప్రతిపాదించి ఉన్నారు. ఈనాడు ప్రపంచంలో ఏ క్వాంటం పరికరం గురించి లెక్క వేసినా మొదట రాసేది 1976 నాటి సమీకరణాన్నే. అది సరళమైనది, గణితపరంగా తప్పు ఫలితం ఇవ్వనిది; అయితే అది ప్రకృతి నియమం కాదనీ, పరిసరం తక్షణమే మరచిపోతుందనే ఊహ మీద నిలిచిన ఉజ్జాయింపు మాత్రమేననీ తరచుగా మరుగున పడిపోతుంది.

హిందూపురం, ధర్మవరం కళాశాలల్లో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి ఈ ఉజ్జాయింపు మరో రూపంలో బాగా పరిచయమే. రేడియోధార్మిక పదార్థం ప్రతి అర్ధాయువులోనూ సగమవుతూ పోతుందనే ఘాతీయ క్షయ నియమం నిజానికి స్మృతి లేని గతికి అతిసాధారణమైన ఉదాహరణ. అక్కడ కేంద్రకానికి వయసు లేదు; వెయ్యేళ్లుగా ఉన్న కేంద్రకమైనా, నిన్న పుట్టినదైనా రేపటిలోగా క్షయమయ్యే సంభావ్యత ఒకటే. కాని క్వాంటం సిద్ధాంతాన్ని నిష్కర్షగా అనుసరిస్తే, అస్థిర స్థితి ఏర్పడిన తొట్టతొలి క్షణాల్లో క్షయం ఘాతీయంగా ఉండే వీలు లేదు. అది కాలవర్గానికి అనుపాతంలో, అంటే ఎంతో మెల్లగా మొదలుకావాలి. ఆ కొద్ది వ్యవధిలో పరిసరం ఇంకా మరచిపోలేదు. ఈ సంగతి మీదనే ఆధారపడి 1977లో బైద్యనాథ్ మిశ్రా, సుదర్శన్ ఒక విచిత్రమైన పర్యవసానాన్ని చూపారు: అస్థిర వ్యవస్థను ఆ తొలి వ్యవధికన్నా తక్కువ విరామాలతో పదేపదే పరిశీలిస్తే క్షయం దాదాపు ఆగిపోతుంది. దీనికి వారు గ్రీకు తత్త్వవేత్త జీనో పేరు పెట్టారు. కేంద్రకాల విషయంలో ఆ తొలి వ్యవధి అందుకోలేనంత చిన్నది కనుక పాఠ్యపుస్తకపు నియమానికి ఏ ముప్పూ లేదు. కాంతి జాలకంలో బంధించిన చల్లని పరమాణువుల విషయంలో మాత్రం ఘాతీయం కాని ఆ తొలి దశను 1997లో టెక్సస్ విశ్వవిద్యాలయంలోని మార్క్ రైజెన్ బృందం ప్రత్యక్షంగా కొలిచింది.

పెనుకొండ, ధర్మవరం, హిందూపురం అనగానే కోట, పట్టుచీరలు, చింతపండు మార్కెట్, ఈమధ్య కాలంలో కియా కార్ల కర్మాగారం గుర్తుకొస్తాయి; క్వాంటం సిద్ధాంతం గుర్తుకు రాదు, వచ్చేందుకు ప్రత్యేక కారణమూ లేదు. అయితే పెనుకొండ పక్కగా సాగే జాతీయ రహదారి ఉత్తరాన హైదరాబాద్‌ను, దక్షిణాన బెంగళూరును కలుపుతుంది, ఇక్కడి నుంచి పైచదువులకు పోయేవారిలో ఎక్కువమంది ఆ రెండు దిక్కుల్లో ఏదో ఒకవైపే పోతారు. ఆ ఉత్తరపు కొసన 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1977 నుంచి 1995 వరకు ఆచార్యుడిగా పనిచేసిన గిరీశ్ అగర్వాల్ ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు. వివృత వ్యవస్థల సమీకరణాలను కాంతిశాస్త్రానికి అన్వయించడంలో అప్పటికే పేరు తెచ్చుకున్న ఆయన, పరమాణువు కాంతిని వెలువరించే ప్రక్రియ మీద 1974లో రాసిన గ్రంథం ఆ రంగంలో ప్రామాణికంగా నిలిచింది. హైదరాబాద్‌లో ఉండగా 1984లో ప్రచురించిన ఒక చిన్న పత్రం, పరిసరపు స్మృతిని కంటికి కనిపించే చిహ్నంగా మార్చింది.

ఉత్తేజిత స్థితిలో ఉన్న పరమాణువు బయలు ప్రదేశంలో కాంతిని ఒక్కసారి వెలువరించిందంటే ఆ కాంతి వెళ్లిపోయినట్టే. అదే పరమాణువును అద్దాల్లా పనిచేసే లోహపు గోడల మధ్య, సరైన కొలతలు గల చిన్న కుహరంలో ఉంచితే, వెలువడిన ఫోటాను గోడల మధ్య తిరుగుతూ ఉండి, పరమాణువు దానిని మళ్లీ గ్రహించుకోగలుగుతుంది, మళ్లీ వెలువరించగలుగుతుంది. ఇక్కడ రెండు వేగాల మధ్య పోటీ ఉన్నది: శక్తి పరమాణువుకూ కుహరానికీ మధ్య చేతులు మారే వేగం ఒకటి, గోడల లోపాల గుండా ఫోటాను బయటికి జారిపోయే వేగం మరొకటి. రెండవది ఎక్కువైతే పరమాణువు మామూలు పద్ధతిలోనే క్షయమవుతుంది, వేగంలో మాత్రం తేడా ఉంటుంది. ఈ సంగతిని ఎడ్వర్డ్ పర్సెల్ 1946లోనే సూచించాడు. మొదటిది ఎక్కువైతే క్షయానికి బదులు డోలనం కనిపిస్తుంది. అటువంటి కుహరం మీదికి బలహీనమైన సూక్ష్మతరంగాలను పంపి శోషణను కొలిస్తే, ఒకే రేఖ ఉండవలసిన చోట రెండు రేఖలు కనిపిస్తాయనీ, కుహరంలో ఉన్న పరమాణువుల సంఖ్య పెరిగినకొద్దీ వాటి మధ్య దూరం ఆ సంఖ్య వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుందనీ అగర్వాల్ చూపారు. కుహరంలో మొదట ఒక్క ఫోటాను కూడా లేకపోయినా ఈ చీలిక ఉంటుంది కనుక దీనిని శూన్యక్షేత్ర రాబీ చీలిక అంటారు. సగటున ఒకే ఒక పరమాణువు ఉన్న కాంతి కుహరంలో దీనిని 1992లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన థాంప్సన్, రెంపె, కింబల్ చూడగలిగారు. అగర్వాల్, ఆర్.ఆర్. పూరి కలిసి 1986లో, ఇదే తరహా కుహరంలో డోలనాలు అణగిపోయి కొంత వ్యవధి తరువాత మళ్లీ లేచే సంఘటన మీద గోడల నష్టాల ప్రభావం ఎంతో లెక్కగట్టారు.

కుహరం వంటి సరళమైన చోట స్మృతిని చిత్రంగా చూపవచ్చును గాని, పరిసరంలో కోట్ల కొద్దీ కణాలున్నప్పుడు దానిని సమీకరణంలోకి తేవడం తేలిక కాదు. జపాన్‌కు చెందిన సదావో నకజిమా 1958లో, అమెరికాకు చెందిన రాబర్ట్ జ్వాన్‌జిగ్ 1960లో చూపిన మార్గంలో, మొత్తం సమీకరణం నుంచి వ్యవస్థకు సంబంధించిన భాగాన్ని ఒక ప్రక్షేపకంతో వేరుచేసి, పరిసరాన్ని గణితపరంగా తొలగిస్తారు. తొలగించిన పరిసరం ఊరికే పోదు. వ్యవస్థ ఈ క్షణంలో మారే వేగం అది గతించిన అన్ని క్షణాల్లోనూ ఎలా ఉండినదనేదానిపై ఆధారపడే ఒక సమాకలనంగా మిగులుతుంది. ఏ గతానికి ఎంత బరువు ఇవ్వాలో చెప్పే ప్రమేయానికి స్మృతి మూలకం అని పేరు. సిద్ధాంతంగా ఇందులో లోపం లేదు, కాని చేతితోగాని కంప్యూటరుతోగాని దీనిని సాధించడం భారమైన పని, ఎందుకంటే ప్రతి అడుగులోనూ చరిత్ర అంతటినీ మోసుకుపోవాలి.

దీనికి ప్రత్యామ్నాయాన్ని 1977లో షిబాటా, తకహాషి, హాషిట్సుమె ప్రతిపాదించగా, తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దీర్ఘకాలం ఆచార్యుడిగా ఉన్న సుభాష్ చతుర్వేది, షిబాటా కలిసి 1979లో దానికి ఈనాటికీ వాడుకలో ఉన్న ప్రక్షేపక రూపాన్ని ఇచ్చారు. వారు ప్రధానంగా ఆలోచించింది బ్రౌనియన్ చలనంలో వేగంగా మారే రాశులను తొలగించే సమస్య గురించి. గతంలోని స్థితిని ప్రస్తుత స్థితి నుంచి వెనక్కు నడిచి తిరిగి రాబట్టవచ్చును గనుక, సమీకరణంలో గతం ఉన్న ప్రతి చోటా ప్రస్తుతాన్ని ప్రతిక్షేపించవచ్చుననేది వారి సూక్ష్మమైన ఆలోచన. అలా చేసినప్పుడు సమాకలనం పోయి, 1976 నాటి సమీకరణాన్ని పోలిన రూపమే వస్తుంది, కాని అందులో క్షయ వేగాలు స్థిరాంకాలు కావు. అవి కాలంతో మారుతాయి. చరిత్ర ఎక్కడికీ పోలేదు, ఆ మారే గుణకాల్లో ఇమిడిపోయింది. క్షయ వేగం ధనాత్మకంగా ఉన్నంతసేపు వ్యవస్థ కోల్పోతూ ఉంటుంది. అది ఋణాత్మకమైన వ్యవధుల్లో కోల్పోయినది తిరిగి వస్తూ ఉంటుంది. ఋణాత్మక క్షయమనే మాట వినడానికి అసంబద్ధంగా తోచినా, కుహరంలోని పరమాణువు ఫోటానును వెనక్కు తీసుకునే వ్యవధి సరిగ్గా అదే. ఈ పద్ధతికి హద్దు కూడా దాని ఆలోచనలోనే ఉన్నది. బంధం బాగా బలమైనప్పుడు ఒకానొక క్షణంలో పరమాణువు ఉత్తేజం పూర్తిగా సున్నా అవుతుంది. ఆ సున్నా నుంచి గతాన్ని రాబట్టే వీలు లేదు కనుక గుణకం అనంతమైపోతుంది, సమీకరణం అక్కడ ఆగిపోతుంది. ఇటువంటి నిజాయితీ గల వైఫల్యం ఒక పద్ధతికి దోషంకన్నా గుణమే అనిపిస్తుంది. బ్రాయర్, పెట్రుచియోనె 2002లో వెలువరించిన ప్రామాణిక గ్రంథం ఈ పద్ధతికి విస్తారమైన స్థానం ఇచ్చింది, దానితో అది కొత్త తరం పరిశోధకుల చేతిలోకి పోయింది.

స్మృతి వల్ల కలిగే ప్రయోజనాన్ని అందరికన్నా ముందు, సిద్ధాంతానికి కూడా ముందే, వాడుకలోకి తెచ్చినవారు అయస్కాంత అనునాద రంగంలోనివారు. అమెరికన్ భౌతికవేత్త ఎర్విన్ హాన్ 1950లో గమనించిన స్పిన్ ప్రతిధ్వని ఈనాడు ప్రతి ఎమ్మారై యంత్రంలోనూ ఉన్నది; వెన్నునొప్పితో హిందూపురం నుంచి బెంగళూరుకో, ధర్మవరం నుంచి అనంతపురానికో పోయి స్కానింగ్ చేయించుకున్న రోగి శరీరంలోని నీటి ప్రోటాన్లు ఈ ప్రక్రియకు లోనయ్యే ఉంటాయి. యంత్రపు అయస్కాంత క్షేత్రం ప్రతి చోటా సరిగ్గా ఒకేలా ఉండదు కనుక ప్రోటాన్లలో కొన్ని వేగంగా, కొన్ని నెమ్మదిగా తిరుగుతూ, కొద్దిసేపటికే వాటి దశలు చెల్లాచెదురై సంకేతం మాయమవుతుంది. అప్పుడు ఒక రేడియో స్పందంతో వాటిని తలకిందులు చేస్తే, ముందున్నవి వెనుకబడి, వెనుకవి అందుకుని, కొంత వ్యవధి తరువాత అన్నీ మళ్లీ ఒకే దశకు వచ్చి సంకేతం తిరిగి లేస్తుంది. ఇది సాధ్యమవడానికి కారణం క్షేత్రంలోని అసమానత మారకుండా నిలిచి ఉండడం, అంటే ఆ పరిసరానికి జ్ఞాపకం పరిపూర్ణంగా ఉండడం. నీటి అణువులు దొర్లుతూ కలిగించే వేగమైన ఒడుదొడుకులకు అటువంటి జ్ఞాపకం లేదు. వాటి వల్ల పోయిన దశను ఏ స్పందమూ తిరిగి తేలేదు. ఆ తిరిగి రాని నష్టపు వేగం మెదడు కణజాలంలో ఎక్కువ, వెన్నుద్రవంలో చాలా తక్కువ. వైద్యులు చూసే చిత్రాల్లో కొన్నిటిలో తెలుపునలుపుల తేడా చాలావరకు దాని నుంచే పుడుతుంది.

ఒక్క స్పందానికి బదులు అనేక స్పందాలను క్రమబద్ధంగా ఇస్తూ పోతే పరిసరపు నెమ్మదైన ఒడుదొడుకులను నిరంతరం రద్దు చేస్తూ ఉండవచ్చునని కార్, పర్సెల్ 1954లో చూపగా, క్వాంటం గణన కోసం దీనిని లొరెంజా వియోలా, సేథ్ లాయిడ్ 1998లో సిద్ధాంతంగా మలిచారు. అప్పటికి అహమదాబాద్ భౌతిక పరిశోధనాలయానికి డైరెక్టరుగా వెళ్లిన అగర్వాల్ 1999లో పరిసరంతో బంధపు పౌనఃపున్యాన్ని మార్చుతూ డీకోహెరెన్స్‌ను తగ్గించే మార్గాన్ని, 2001లో మార్లన్ స్కల్లీ, హెర్బర్ట్ వాల్టర్‌లతో కలిసి స్పందాల ద్వారా దానిని నిరోధించే మార్గాన్ని ప్రచురించారు. ఈ పద్ధతులన్నిటికీ ఒకే షరతు: స్పందాల మధ్య విరామం పరిసరపు స్మృతికాలం కన్నా తక్కువగా ఉండాలి. మరచిపోయిన పరిసరం ముందు ఇవేవీ పనిచేయవు.

స్మృతి ఉన్నదా లేదా అనేదే కాక, ఎంత ఉన్నదని కొలవడం మరీ ఇటీవలి వ్యవహారం. బ్రాయర్, లైనె, పీలో 2009లో ఇచ్చిన కొలత ప్రకారం, ఒకే వ్యవస్థను రెండు వేరు వేరు స్థితుల్లో ప్రారంభించి, ఆ రెంటిలో ఒకదాని నుంచి మరొకదానిని ఎంత బాగా వేరుగా గుర్తుపట్టగలమో చూస్తూ పోవాలి. ఆ భేదం తగ్గుతూనే ఉంటే స్మృతి లేదు, ఎక్కడైనా పెరిగితే సమాచారం వెనక్కు వచ్చినట్టు. చైనాలోని హెఫెయి పరిశోధకులు 2011లో ఫోటాను ధ్రువణాన్ని వ్యవస్థగా, దాని పౌనఃపున్యాన్ని పరిసరంగా తీసుకుని, స్మృతి లేని గతి నుంచి స్మృతి ఉన్న గతికి మారడాన్ని ప్రయోగంలో చూపారు. రీవాస్, ఊయెల్గా, ప్లెనియో 2010లో ఇచ్చిన నిర్వచనం వేరు. కొన్ని వ్యవస్థల్లో ఒక కొలత స్మృతి ఉన్నదంటే మరొకటి లేదంటుంది. కాబట్టి స్మృతి అనేది ఒకే గుణమన్నట్టు మాట్లాడే వ్యాసాలను కొంచెం జాగ్రత్తగా చదవాలి, స్మృతి ఎక్కువైతే క్వాంటం యంత్రానికి ఎప్పుడూ మేలే అనే ప్రచారాన్ని మరికొంచెం ఎక్కువ జాగ్రత్తతో చదవాలి.

ఈ జాగ్రత్త అవసరం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు దగ్గరగా వచ్చింది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం, ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలు కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసరు గల యంత్రాన్ని నెలకొల్పుతామని ప్రకటించాయి. క్యూబిట్ అంటే రెండు స్థితుల అధ్యారోపణంలో ఉండగల గణన ప్రమాణం. ఈ తరహా యంత్రంలో అది అతివాహక వలయం, పరమశూన్యానికి డిగ్రీలో వందవ వంతు పైచిలుకు ఉష్ణోగ్రత వద్ద పనిచేస్తుంది. వలయం మీది పలుచని ఆక్సైడు పొరల్లో ఉండే కొన్ని సూక్ష్మ లోపాలు తామే రెండు స్థితుల వ్యవస్థల్లా ప్రవర్తిస్తూ, క్యూబిట్ నుంచి శక్తిని తీసుకుని, కొన్నిసార్లు తిరిగి ఇస్తాయి. ఇక్కడ కోరుకోని చోట స్మృతి ఉన్నది.

క్యూబిట్లలోని తప్పులను దిద్దే పద్ధతుల మూల సిద్ధాంతం ప్రతి తప్పూ ముందటి తప్పుతో సంబంధం లేకుండా జరుగుతుందనే ఊహతో మొదలైంది. స్మృతి ఉన్న పరిసరంలో కూడా దిద్దుబాటు సాధ్యమేనని బార్బరా టెర్హాల్, గీడో బుర్కార్డ్ 2005లో నిరూపించారు, కాని అందుకు వ్యవస్థకూ పరిసరానికీ మధ్య బంధం ఒక హద్దుకన్నా బలహీనంగా ఉండాలి. గూగుల్ సంస్థ 2024 డిసెంబరులో వెల్లడించిన 105 క్యూబిట్ల విల్లో ప్రాసెసరు ఫలితాల్లో, క్యూబిట్ల సంఖ్య పెంచినకొద్దీ దిద్దుబాటు మెరుగైనా, సుమారు గంటకొకసారి అనేక క్యూబిట్లను ఒక్కసారిగా తాకే తప్పుల గుంపు అడ్డుతగిలింది. అది కచ్చితమైన అర్థంలో స్మృతి ప్రభావం కాకపోయినా, తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివనే అదే ఊహను దెబ్బతీస్తుంది, దాని మూలం ఏమిటో ఆ పరిశోధకులు అప్పటికి తేల్చలేకపోయారు.